నల్లగా ఉన్నా

రంగు గురించి, జాతి గురించి పిల్లలు నోరు విప్పాలని మా నాయనమ్మ గ్రంథాలయం వెనక గదిలో వాళ్ళచేత నాటకాలు ఆడించేది. రాసిపెట్టిన మాటలుండవు, అప్పటికప్పుడు నోటికొచ్చింది అనేయాలి. పాపం, ఎన్ని వారాలైనా ఆ నోళ్ళకు ఏమీ రాలేదు. ఇవాళా ఇంతే అయితే గది ఖాళీ చెయ్యమన్నాడు గ్రంథపాలకుడు.

నాయనమ్మ వెనక బెంచీలో ముడుచుకున్న దర్జీ కూతుర్ని పిలిచింది.

"ఇలా రావే! నల్లగా ఉన్నా ఎంత కళగా ఉంటావో! నువ్వు ఇంటి ఓనరువి, నేను అద్దెకొచ్చాను."

ఆ పిల్ల కాలు మీద కాలేసుకుని కూర్చుని, నాయనమ్మను ఎగాదిగా చూసింది.

"తెల్లగా ఉన్నా మంచివారిలాగే ఉన్నారు మామ్మగారూ. ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారా?"

వెంటనే బదులివ్వాలన్నది నాయనమ్మ పెట్టిన నియమమే. వీధి వీధంతటి నోరూ మూయించిన ఆ నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు.

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇక "మా టీచరూ ఇంతే", "మా అత్తయితే మరీనూ" అంటూ గదంతా ఒక్కసారిగా గోలెత్తిపోయింది. తలుపు తీసి చూసిన గ్రంథపాలకుడు గది ఖాళీ ఊసెత్తకుండా వెనక్కెళ్ళాడు.

"ఇంతకీ ఇల్లిస్తావుటే?" అంది నాయనమ్మ.

"నాకేం పట్టింపు లేదండీ, ఇరుగుపొరుగే ఒప్పుకోరు."