సుబేదారు గారి పిడికిలి

గన్నవరం దగ్గర, ఇక నయం కాని రోగులను చివరిదాకా చూసుకునే ఆసుపత్రిలో మా పక్కింటి సుబేదారు గారిని చేర్చారు. క్యాన్సర్ ఎముకలకు పాకింది. నేను రోజూ వెళ్లి పేపరు చదివి వినిపించేవాణ్ణి.

"నొప్పి ఎంతుంది తాతగారూ? వేళ్లతో చూపించండి. పది వేళ్లూ చూపిస్తే భరించలేనంత అని" అనేది సిస్టర్. ఆయన పిడికిలి బిగించి చూపేవారు. నొప్పే లేదని అర్థం. పక్క దుప్పటి మాత్రం చెమటతో తడిసి ఉండేది.

రోగి చెప్పిందే నొప్పికి కొలత అని లైబ్రరీ పుస్తకంలో చదివాను. అదే ఆయనకు వివరంగా చెప్పాను.

"బాగా చదివావోయ్" అన్నారు. పిడికిలి విప్పలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య మామ్మగారు మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నారు. "బోర్డర్‌లో దాచారు, ఇంట్లోనూ దాచారు. ఇక్కడెవరున్నారండీ శత్రువులు?" అంటూ ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని ఒక్కో వేలూ విప్పారు. ఆయన అడ్డుకోలేదు. రెండో చెయ్యి ఆయనే విప్పారు.

సిస్టర్ మార్ఫిన్ ఇచ్చింది. కాసేపటికి గురక మొదలైంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు.

"ఇలా నిద్రలోనే పోతారా అమ్మా?" అని మామ్మగారు సిస్టర్‌ని అడిగారు.

"చెప్పలేమండీ. నొప్పి మాత్రం తెలియదు."

"అయితే అన్నానికి లేపకండి" అన్నారు.