గువ్వ ఓడిన పందెం

నా చిన్నప్పుడు మా పత్తికొండ వైపు పల్లెల్లో కుక్కల పరుగు పందేలకు జనం విరగబడి వచ్చేవాళ్ళు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వనీ. సన్నని నడుము, పొడుగు కాళ్ళు ఉన్న వేటకుక్కలు వరసగా గీత మీద నిలబడితే, పెద్ద పెద్ద ఆసాములు కూడా పంచెలు ఎగగట్టి గొంతు బొంగురుపోయేలా అరిచేవాళ్ళు. ఆ కుక్కల్ని తయారుచేయడంలో మా జేజినాయనను, అంటే మా నాయన తండ్రిని, మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఇది మనవరాలు చెప్పుకునే గొప్ప కాదు, ఆయనంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకున్న మాట. ఇరవై ఏళ్ళలో ఆయన చేతికింద పెరిగిన కుక్కలు ఆదోని నుంచి ప్రొద్దుటూరు దాకా తెచ్చిన వెండి కడియాలు పోగేస్తే తట్టెడవుతాయి. మా ఇంట్లో మాత్రం ఒక్క కడియమూ లేదు.

ఎందుకు లేదంటే, అప్పటి పద్ధతి అలాంటిది. కుక్క ఆసామిది, కడియం ఆసామిది, మైకులో చదివే పేరూ ఆసామిదే. కుక్కను కళ్ళు తెరిచిన నాటి నుంచి సాకి పరుగు నేర్పినవాడికి ఒక తుండుగుడ్డ ఇచ్చేవాళ్ళు. అది కూడా పందిరి వెనక నుంచి. మాది చర్చి వీధి. మా వీధివాళ్ళు వేదిక ఎక్కడమనే మాటే ఎవరి నోటా వచ్చేది కాదు. మా జేజినాయనకు అరవై దాటాయి, ఆయన పనిచేసే ఆసామికి నలభై కూడా నిండలేదు. అయినా "రేయ్ ముసలోడా" అనే పిలిచేవాడు. అప్పట్లో నాకది మామూలుగానే వినబడేది. ఇప్పుడు తలుచుకుంటే చెవులు మండుతాయి.

ఆ పందెం తీరు కాస్త చెప్పాలి. బీడు నేలలో ఒక కొసన కుక్కను పట్టుకునే మనిషి ఉంటాడు. రెండో కొసన దాన్ని పిలిచే మనిషి ఉంటాడు. ఈల వేయగానే ఒకరు వదలాలి, ఇంకొకరు పిలవాలి. పిలిచే మనిషి గీత దాటకూడదు. మిగతావాళ్ళు కుక్కను రెండు రోజులు పస్తుపెట్టి, పిలిచే కొసన మాంసం ముక్క ఊపేవాళ్ళు. బతికున్న కుందేలు కాళ్ళు కట్టి చూపించినవాళ్ళనూ చూశాను. మా జేజినాయన అలాంటి పనుల జోలికి పోలేదు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక గొంతు, గుప్పెట్లో ఒక సద్ద సంగటి ముద్ద.

పొద్దున్నే ఎండిపోయిన వంక ఇసుకలోకి కుక్కను తీసుకుపోయి, నన్ను పట్టుకోమనేవాడు. తాను పది అడుగులు అవతల నిలబడి పిలిచేవాడు. మర్నాడు ఇరవై అడుగులు. నెల తిరిగేసరికి వంక మలుపు దగ్గర చిన్నగా కనబడేవాడు. అంత దూరం నుంచి "హో... దా దా దా" అని వినబడగానే నా చేతుల మధ్య కుక్క ఒళ్ళంతా బిగుసుకునేది. వదిలితే నా కళ్ళ నిండా ఇసుకే. అది చేరగానే ముద్ద పెట్టేవాడు. ముద్ద చిన్నదే, కానీ ఒక్కనాడూ తప్పేది కాదు. నేను ఆటకు పిలవబోతే మాత్రం కోప్పడేవాడు. "ఒగసారి ఉత్తిగా పిలిస్తివంటే, ఇంగ ఆ నోరు దానికి పనికిరాదు పాపా" అనేవాడు. ఇంటికొచ్చాక నాలుగు కాళ్ళూ ఎత్తి, వేళ్ళ సందుల్లో పల్లేరు ముళ్ళు వెతికి తీసేవాడు. ఆ పని అయ్యాకే తాను గంజి తాగేవాడు.

ఆయన పెంచిన కుక్కలన్నిటిలో గొప్పది ఒక ఆడకుక్క. గువ్వ రంగులో ఉండేది కాబట్టి గువ్వ అనేవాళ్ళం. రెండేళ్ళపాటు పందెంలో ఓటమి ఎరగలేదు. నేనప్పుడు నాలుగో తరగతి. గువ్వను రోజూ పట్టుకునేది నేనే అని బడిలో ఎన్ని కోతలు కోశానో లెక్కలేదు.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన వారానికి పక్క ఊరి బీడులో పెద్ద పందెం పెట్టారు. మా ఊరి నుంచి అక్కడికి పోయే దారికి అప్పుడే కొత్తగా తారు వేశారు. తారు రోడ్డంటే మాకు కొత్త. పొద్దున పూట దాని మీద వట్టి కాళ్ళతో నడిచి, అబ్బ ఎంత నున్నగా ఉందో అని మురిసిపోయిన మనుషులం. ఆ రోడ్డు తన పలుకుబడితోనే వచ్చిందని ఆసామికి మహా గొప్ప. అందుకని ఆయనకొక ముచ్చట పుట్టింది. గువ్వ మెడలో పూలదండ వేసి, తప్పెట్లు కొట్టించి, ఆ రోడ్డు మీదుగానే ఊరేగింపుగా పందెం చోటికి తీసుకుపోవాలని.

మా జేజినాయన ఎప్పుడూ చేసే పని వేరు. చీకటితోనే కుక్కను బండిలో ఎక్కించి, మట్టి బాటన పోయి, పందెం వేళదాకా చల్లని చోట పడుకోబెట్టేవాడు. ఆ మాటే చెప్పి చూశాడు. "నా కుక్క, నా రోడ్డు. నడుమ నీదేందిరా?" అన్నాడు ఆసామి. మా జేజినాయనను ముందే పోయి పిలిచే గీత దగ్గర ఉండమని పంపేశాడు. నేనూ ఆయన వెంట పోయాను.

ఊరేగింపు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. తప్పెట్ల మోత, టపాకాయల పొగ, ముందు తెల్లపంచెలో ఆసామి. ఆయన కాళ్ళకు కిర్రు చెప్పులు ఉన్నాయి. గువ్వ నడక చూడగానే మా జేజినాయన కూర్చున్నచోటి నుంచి లేచి పరుగెత్తాడు. అది ఒక కాలు మోపి ఒక కాలు ఎత్తుకుంటోంది. ఎత్తి చూస్తే అరికాళ్ళ నిండా కరిగిన తారు, తారు చుట్టూ బొబ్బలు. వెనక కాలొకటి అప్పటికే చిట్లి ఎర్రగా ఉంది. ఆయన నాకు చూపించలేదు, నేనే తొంగి చూశాను.

"కాళ్ళు కాలిపోయిండాయి సామీ. ఈ పొద్దు పరిగెత్తిస్తే తోలంతా ఊడొస్తాది. ఇంగ జన్మలో కుదురుగా నడవదు. వద్దు సామీ" అని చేతులు జోడించాడు.

"ఇంత దూరం నడిచొచ్చిన కుక్క ఆ నాలుగు అంగలు పరిగెత్తలేదా? పెద్దపెద్దోళ్ళు వచ్చిండారు, నా మానం తీయొద్దు. పోయి పిలువు పో" అన్నాడు ఆసామి.

పందెం పెద్దమనుషులు నలుగురు అక్కడే ఉన్నారు. కుక్క కాలు చూశారు, ఆసామి ముఖం చూశారు, తర్వాత తమ గడియారాలు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన మా బడికి వచ్చి భూతదయ గురించి చెప్పిపోయినవాడు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది, ఆయన మీద నా కోపం మరిచిపోయే రకం కాదు.

ఈల మోగింది. ఆరు కుక్కల్నీ వదిలారు. ఈ కొసన ఐదు గొంతులు ఒక్కసారి లేచాయి. ఆరో గొంతు లేవలేదు. మా జేజినాయన పిలిచే గీత దగ్గర వెనక్కి తిరిగి, తుండుగుడ్డ తల మీద కప్పుకుని, నేల మీద కూర్చున్నాడు. అవతల గువ్వ చెవులు నిక్కించింది. రెండడుగులు వేసి ఆగింది, ఇటూ అటూ చూసింది, ఇంకా ఆ గొంతు కోసమే వింటోంది. మిగతా కుక్కలు దుమ్ము రేపుకుంటూ గీత దాటేశాయి. గువ్వ మెల్లగా ఉన్నచోటనే కూర్చుండిపోయింది.

జనం ఒకటే నవ్వు, ఈలలు. "ముసలోనికి గొంతు పడిపాయెనప్పా" అని ఎవడో అరిచాడు. ఆసామి వచ్చి గొలుసు మా జేజినాయన ఒళ్ళోకి విసిరాడు. "నోరు లేదారా నీకు? ఇంత కాలం సాకింది ఇందుకా? ఈ కుంటి కుక్కను నువ్వే మోసుకుపో. నా వాకిట్లో కనబడితే కాళ్ళిరగ్గొడతా" అని అంతమందిలో తిట్టాడు. మా జేజినాయన బీడులోకి నడిచిపోయి, గువ్వను ఎత్తి భుజాల మీద వేసుకున్నాడు. మట్టి బాటన ఇంటిదారి పట్టాడు. నేను పది అడుగులు వెనకే నడిచాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఇలాంటి మనిషి మనవరాలినని చెప్పుకుని తిరిగానే అనుకున్నాను. నా మీద నాకిప్పుడు వచ్చే కోపం అందుకే.

ఇంట్లో మా జేజి, అంటే నాయనమ్మ, ఏమీ అడగకుండా నెలకు సరిపడా ఉంచుకున్న వేరుశనగ నూనె చెంబు తెచ్చి ముందు పెట్టింది. ఆయన గుడ్డపేలిక నూనెలో ముంచి, తారు కొంచెం కొంచెంగా మెత్తబరుస్తూ తీస్తున్నాడు. గువ్వ వణుకుతోంది గానీ కాలు లాక్కోవడం లేదు. నాకిక ఆగలేదు. "ఎందుకు పిలవలే? నోరు లేదా నీకు?" అని అరిచాను. అచ్చం ఆసామి అన్న మాటే నా నోట్లోంచి వచ్చింది.

ఆయన తలెత్తలేదు. "పిలిస్తే వస్తాది పాపా" అన్నాడు. ఇంకొంచెం తారు తీశాక, "కాలిన కాళ్ళతోనైనా వస్తాది. నన్ను నమ్మింది గదా. అందుకే పిలవలే" అన్నాడు.

ఆ తర్వాత ఆయనకు ఎవరూ కుక్కపిల్లను ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళ పనితనం ఒక్క మధ్యాహ్నంతో సరి. అరవై దాటిన మనిషి చేలల్లోకి శనక్కాయలు పీకడానికి కూలికి పోయాడు. ఎంత అన్యాయం! గువ్వ కాళ్ళు మానడానికి మూడు నెలలు పట్టింది. మానిన సంగతి తెలిసి ఆసామి సిగ్గులేకుండా మనిషిని పంపాడు, కుక్కను తోలుకురమ్మని. మా జేజి వాకిట్లో అడ్డంగా నిలబడి, "అంతమంది ముందర పారేసినాడు గదా, అంతమంది ముందరే వచ్చి అడగమను" అంది. ఎవరూ రాలేదు. గువ్వ మా ఇంట్లోనే ముసలిదైంది.

చాలా ఏళ్ళకు మా పాస్టరుగారు ఈ సంగతి ఎవరి దగ్గరో విని, ఆదివారం ప్రసంగంలో ఓర్పుకు ఉదాహరణగా చెప్పారు. నేను లేచి బయటికి వచ్చేశాను. ఓర్పేమిటి! ఆసామి పెట్టే కూటి మీద, ఆయన కుక్కల కొట్టాన్నే నమ్ముకుని బతుకుతున్న మనిషి, వెయ్యిమంది చూస్తుండగా ఆయన మాట కాదన్నాడు. అరవకుండా కాదన్నాడు కాబట్టి ఓర్చుకున్నాడని అనుకుంటున్నారు. పాస్టరుగారితో ఆ మాట తర్వాత ముఖం మీదే అన్నాను.

నేను టీచరునై ముప్పై ఏళ్ళకు పైగా ఆ చుట్టుపక్కల బడుల్లోనే పనిచేశాను. ఒక ఏడు మా బడిలో బాగా పరుగెత్తే పిల్ల ఒకతి ఉండేది. కర్నూలులో పోటీల రోజున ఒళ్ళు కాలిపోయే జ్వరం. మా హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచి, "మీరంటే ఆ పిల్లకు ప్రాణం మేడం. మీరొక్క మాట చెబితే లేచి పరుగెత్తుతుంది, బడికి పేరొస్తుంది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, నేనంటే లేచేదే. ఆ పిల్లను చేయి పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆ నెలలోనే నన్ను ఆలూరు అవతలికి బదిలీ చేశారు.

పెట్టె సర్దుకుని పోయాను. పిల్లలు నన్ను నమ్మడం అక్కడా మానలేదు, ఇప్పుడు మనవళ్ళూ నమ్ముతారు. నా మాట మీద ఎవరైనా లేచి వస్తారని తెలిసినప్పుడల్లా, నోరు తెరిచే ముందు వాళ్ళ కాళ్ళవైపు చూస్తాను.