దూరపు దీవులకు మా లాయరమ్మ వకాల్తా

మొన్న పొద్దున్న మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఖాళీ చేతులతో వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "మన లాయరమ్మ పోనారమ్మా," అంది. ఆస్పత్రిలో రాత్రుళ్ళు తోడు పడుకున్నది ఆవిడే. నేనూ ఆవిడ పక్కనే కూర్చుండిపోయాను.

లాయరమ్మది మద్దిలపాలెంలో మా ఎదురిల్లు. పెందుర్తి అవతల రైతుబిడ్డ. పెళ్ళెందుకు చేసుకోలేదండీ అంటే, "నా మాట నానే వినను, ఇంకొకడేటి వింటాడు?" అని నవ్వేసేవారు. ఆవిడ ఉప్పుచేప వేయిస్తే వీధి వీధంతా వాసన. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న మా ఆయన లేచి కూర్చుని విసుక్కునేవారు. అంతలో గిన్నెలో నాలుగు ముక్కలు వచ్చేవి. విసుక్కుంటూనే తినేసేవారు.

తొంభై అయిదులో ఫ్రాన్సు వాళ్ళు పసిఫిక్ దీవుల్లో మళ్ళీ అణుపరీక్షలు మొదలుపెట్టారు. లాయరమ్మ పేపరు పట్టుకుని గబగబా మా ఇంటికి వచ్చేశారు.

"సూసావా! అప్పట్లో గాల్లో పేల్చబోమని మాటిచ్చారు. సరే కదా అని ప్రపంచ కోర్టు ఆళ్ళ మీదున్న కేసు మూసేసింది. ఇప్పుడేమో నేల కింద పేలుస్తన్నాం, మాట తప్పలేదు అంటన్నారు. పాత కేసు తిరగదోడ్డం కుదరదందంట కోర్టు. మరి ఆ దీవులోళ్ళు ఎవరితో సెప్పుకోవాల?"

"అంత దూరం గొడవ మనకెందుకండీ?" అన్నాను, కూర మాడిపోతోందన్న తొందరలో.

"దూరమేటే? సముద్రానికి మధ్యలో గోడుందేటి?"

ఆ ఆదివారం నన్నూ లాక్కుని ఒడ్డున ఉన్న జాలరిపేటకి వెళ్ళారు. నిరసనగా ఒక్కరోజు చేపల వేట ఆపమని అడగాలని ఆవిడ ఆశ. పడవ నీడలో కూర్చోబెట్టి ఒప్పందాలూ సెక్షన్లూ అన్నీ విప్పి చెప్పారు. అందరూ మర్యాదగా విన్నారు. చివరికి పేట పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"సావైతేనే వేటాపుతాం, తల్లీ. బందులకీ రాస్తారోకోలకీ ఆపం."

పేటలో ఎవరైనా పోతే ఆ రోజు ఒక్క పడవా నీళ్ళలో దిగదు. అది వాళ్ళ కట్టు. లాయరమ్మ ముఖం వాడిపోయింది. అప్పుడు పక్కనే ఎండుచేపలు తిరగేస్తున్న మా చేపలావిడ తలెత్తింది.

"ఆ లంకల్లో ఆడోళ్ళు ఇప్పుడేటి అమ్ముకుంతన్నారమ్మా?"

"ఏటమ్ముతారే? సేప తినాలంటేనే బయపడతన్నారట."

చేపలావిడ పెద్ద వైపు తిరిగింది. "సేప తినలేని పేట పేటేనా మావా? అది సావు కాదేటి?"

పెద్ద లేచి, వల మడిచి పక్కన పెట్టేశాడు. మర్నాడు పడవలు దిగలేదు. ఆ కబురు తెలిసి లాయరమ్మ మా వంటింట్లో నిలబడి నవ్వుతూనే ఏడ్చేశారు.

మూడేళ్ళకి మన దేశమే ఎడారిలో బాంబు పరీక్షించింది. ఊరంతా సంబరం. మా ఆయన స్వీట్లు తెచ్చారు. ఓ ప్లేటు నేను ఎదురింటికి పట్టుకెళ్ళాను.

"వద్దే. ఆ రోజు ఆళ్ళది తప్పన్నాను. ఈ రోజు మనదైతే ఒప్పయిపోద్దేటి?"

ఇదే మాట కోర్టులోనూ అన్నారట. కొందరు తోటి లాయర్లు "అసలు నువ్వు మనదానివేనా?" అని మొహమ్మీదే అడిగారట. కక్షిదారులు ఒక్కొక్కరే జారుకున్నారు. మా ఆయన కూడా పలకరించడం మానేశారు. గిన్నె వస్తే మాత్రం తిన్నారనుకోండి!

"కేసులు పోతే పోయాయి," అన్నారావిడ ఓ సాయంత్రం. "మనదానివేనా అన్నారు సూడు, అదే గుచ్చుకుంది." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మన మనిషి కాకపోతే ఇంకెవరండీ మన మనిషి? అంత బాధలోనూ నన్ను ఏడిపించడం మానలేదు. "నాను పోతే పని మానుకునేవోళ్ళెవరే? నువ్వు పప్పులో పోపైనా మానవు."

మొన్న ఆ కబురు విన్న ఉదయమే చేపలావిడ వెంట పేటకి బయల్దేరాను, మనుషులు కావాలి కదా అని. మా ఆయన అప్పటికే షిఫ్టు మానుకుని ఆస్పత్రికి పరుగెత్తారు, పాడె మోయడానికి. దారి పొడుగునా లాయరమ్మ అన్న ఆ మాటే తలుచుకుంటూ వెళ్ళాను.

ఒడ్డున పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయి. వేటకి వెళ్ళాల్సిన మగవాళ్ళంతా తలగుడ్డలు తీసి కూర్చున్నారు. పెద్ద బాగా ముసలివాడైపోయాడు.

"పేటలో ఎవరైనా పోయారా బాబూ?" అన్నాను.

ఆయన నా వైపు కోపంగా చూశాడు.

"అదేటమ్మా అలాగడుగుతావు? మన లాయరమ్మ పోనాది కదా!"

ఆయన వెనక, చూపు ఆనినంత మేరా, సముద్రం మీద ఒక్క తెరచాప లేదు.