సూళ్లూరుపేట రైల్లో క్యూ అక్షరం

నేను చెన్నైలో ఒక చీరల దుకాణంలో సేల్స్‌లో పనిచేస్తాను. రోజంతా నిలబడే పని. కాసేపు స్టూలు మీద కూర్చుంటే చాలు, మేనేజరుకు దగ్గు వస్తుంది. అందుకే పొద్దున సూళ్లూరుపేటలో ఎక్కినప్పుడు రైల్లో దొరికే సీటు నాకు జీతంతో సమానం. దాని కోసం ఎవరితోనైనా గొడవ పడతాను. పడ్డాను కూడా.

గూడూరులో ఎక్కే టీచరమ్మ ఆడవాళ్ల పెట్టెలో కూర్చుని, పక్కన తన సంచి పెట్టి ఒక చోటు ఆపేది. మామూలు రోజుల్లో అది నాదే. సోమ, గురువారాల్లో మాత్రం మా ఊళ్లో లేసుల కొట్టు నడిపే అక్క సరుకు కోసం చెన్నై వచ్చేది. ఆమెకూ ఆ చోటే కావాలి. "నేను పెద్దదాన్ని" అని ఆమె, "నేను పొద్దస్తమానం నిలబడేదాన్ని" అని నేను. మా గోల భరించలేక టీచరమ్మ ఒక ఆట పెట్టింది. కళ్లు మూసుకుని చిన్న డిక్షనరీ తెరిచి వేలు పెడుతుంది. వేలు ఏ అక్షరం మీద పడితే ఆ అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు మేమిద్దరం వంతులవారీగా చెప్పాలి. అర్థం తెలుగులో చెప్పాలి. ముందుగా మాటలు అయిపోయినవాళ్లు నిలబడాలి.

అర్థం సరిపోయిందో లేదో తేల్చేది తడలో జామకాయల గంపతో ఎక్కే ఆవిడ. ఆమె బడి మొహం చూడలేదు. అందుకే టీచరమ్మ ఆమెను పెట్టింది. ఆమెకు తెలిసేలా చెప్తేనే మాట లెక్కకొస్తుంది. "జామకాయ్, కొయ్యా కొయ్యా" అని తెలుగులోనూ అరవంలోనూ కేకేసుకుంటూ వచ్చి, గంప నడుముకు ఆనించుకుని నిలబడి, "తెలిసింది" అనో "ఏందో మే, తెలీలా" అనో తీర్పు చెప్పేది.

నేను ఎక్కువగా ఓడిపోయేదాన్ని. ఒకసారి ఎఫ్ పడింది. ఫ్రీడమ్ అంటే స్వాతంత్ర్యం అన్నాను. "అది బళ్లో జెండా ఎగరేసే పండగ గదా" అని కొట్టేసింది. అక్క మాత్రం ఫ్రిల్ అంటే గౌను అంచున కుట్టే కుచ్చులని చేత్తో చూపించి, దర్జాగా కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఊరికే అనలేదు. ఆ వారం నుంచే ఎవరికీ రాని అక్షరాలు పట్టాను. క్యూ, ఎక్స్, జెడ్. అన్నం వండుతూ చదివాను, బట్టలు ఆరేస్తూ చదివాను.

ఒక సోమవారం టీచరమ్మ వేలు క్యూ మీద పడింది. నా కడుపులో పాలు పోసినట్టయింది. తడ వచ్చింది, జామకాయలావిడ ఎక్కింది, ఆట మొదలైంది.

క్విల్ట్ అంటే బొంత అన్నాను. తెలిసింది. అక్క క్వీన్ అంటే రాణి అంది. తెలిసింది. క్వెంచ్ అంటే దాహం తీర్చడం అని నేను, క్విక్ అంటే తొందరగా అని అక్క. క్వాగ్‌మైర్ అంటే కాలు పెడితే లోపలికి లాగే బురద నేల అన్నాను. "పులికాట్ ఒడ్డున నేనూ దిగబడినా, తెలిసింది" అందావిడ. అక్క మళ్లీ క్వీన్ అనబోయి నాలుక కరుచుకుంది. నేను సంచి పక్కకు జరిపి కూర్చోబోయాను.

"ఉండు మే," అంది జామకాయలావిడ. "రేషను షాపు కాడ నిలబడే క్యూ ఉందే, దాంట్లోదేనా ఈ అక్షరం?"

"అదే," అంది టీచరమ్మ.

"అది ఇంగ్లీషా? ఇన్నాళ్లూ తెలుగనుకున్నా. అట్టయితే నా కాడ ఇట్టాంటి మాటలు ఇంకా ఉండాయి." గంప కింద పెట్టింది. "క్యూ అంటే ముందరుండే వాళ్ల వీపు చూస్తా నిలబడేది. తెలిసిందా?"

"తీర్పు చెప్పేవాళ్లు ఆడితే ఎట్లా?" అని గయ్యిమన్నాను.

"ఆమె చెప్పింది నీకు తెలిసిందా, లేదా?" అంది టీచరమ్మ. తెలిసిందని ఒప్పుకోక తప్పలేదు.

క్వెయిల్ అన్నాను, కౌజు పిట్ట. "క్వార్టర్," అందావిడ, "మా ఇంటాయన వడ్ల గాదెలో దాచి, దాచలేదని ఒట్టేసేది." పెట్టె అంతా నవ్వింది. క్వివర్ అంటే అమ్ములపొది అన్నాను. "క్వాలిటీ, మీరంతా నా కాయలు పిసికి పిసికి చూసేది." నా దగ్గర మాటలు అయిపోయాయి. చదివిన పేజీలు కళ్ల ముందే ఉన్నాయి, నోటికి ఒక్కటీ రాలేదు.

ఆమె నా వైపు చూసి, "క్వింటాల్, మీ పుట్టింట్లో వడ్లు తూచేది" అంది.

మనుబోలులో మాది వరి పండించే ఇల్లు. క్వింటాల్ అన్న మాట వినని రోజు లేదు మా ఇంట్లో. అదీ తెలుగే అనుకున్నాను కాబోలు, ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. సిగ్గుతో తల దించుకున్నాను.

"కూర్చో అమ్మా," అంది టీచరమ్మ ఆవిడతో.

ఆమె వెంటనే కూర్చోలేదు. కొంగుతో సీటు తుడిచింది. "మీలో ఎవురికి సీటని తేల్చేదానికి ఇన్నేళ్లు నిలబడినా. నాకూ కాళ్లుండాయి గదమ్మా" అని నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో ఆ గంప బరువెంతో నేను ఒక్కసారీ అడగలేదు.

ఓడినవాళ్లు నిలబడాలి కాబట్టి నిలబడ్డాను. గంప ఊరికే కింద ఉండటం చూడలేక నడుముకెత్తుకున్నాను. చీరలు అమ్మే నోరు జామకాయలకు పనికిరాదా? "దోర కాయలమ్మా, కోసి చూడండి, మీ రంగుకి భలే నప్పుతాయి" అని అలవాటులో అనేశాను. లేసుల అక్క పొట్ట పట్టుకుని నవ్వుతూ ఉప్పూ కారం పొట్లాలు అందించింది.

"కొయ్యా అని కూడా అరువు మే, ఆరంబాక్కం దాటినాం, ఇంక ఎక్కేది అరవోళ్లే" అని సీట్లోంచి ఆవిడ కేకేసింది. అరిచాను. పెట్టె ఆ చివరి దాకా వెళ్లి వచ్చేసరికి గంపలో నాలుగు కాయలే మిగిలాయి. ఆమె టీచరమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. గుమ్మిడిపూండి రాగానే ఆమె దిగాలి. లేపబోయిన టీచరమ్మను చేత్తో ఆపి, బండి పూర్తిగా ఆగేదాకా చూసి, అప్పుడు లేపాను.