ఊరగాయ నూనె డబ్బా, మా పాత డీజిల్ కారు

మా ఇంట్లో ఇద్దరికి పథ్యం. మా ఆయనకు చక్కెర లేని కాఫీ, మా కారుకు డీజిల్ తగ్గించిన భోజనం. ఆయన పథ్యం డాక్టరు పెట్టింది. కారు పథ్యం ఆయనే పెట్టారు.

హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మిషన్ల మధ్య పనిచేసి రిటైరైన మనిషి. రిటైరైన మరుసటి వారం పెరట్లోని షెడ్డు కడిగి సున్నం వేస్తుంటే, పోనీలే, కూర్చుని పేపరు చదువుకుంటారు అనుకుని మురిసిపోయాను. నాలుగు రోజులకు ఆ షెడ్డులోకి మూడు నీలం డ్రమ్ములు దిగాయి. మెకానిక్ షెడ్లలో బళ్ళకు ఇంజనాయిల్ మార్చేటప్పుడు కిందికి దించేసే నల్ల నూనె ఉంటుంది చూడండి, అది. ఊళ్ళో బళ్ళన్నీ వద్దని వదిలేసింది మా ఇంటికి మేనమామ సారెలా వచ్చేది.

దాన్ని నెల రోజులు కదపకూడదు. మట్టీ ఇనుపరజనూ అడుక్కి దిగాక పైనున్నది ముంచి పంచెలో వడగట్టాలి. ఆ పంచె మా పెళ్ళిలో ఆయన కట్టుకున్నది. "నూలు దట్టంగా ఉండాదే, ఇట్లాంటి గుడ్డ ఇప్పుడు యాడ దొరుకుతాది?" అని నాకే గర్వంగా చూపించారు. వడగట్టిన నూనె నాలుగు పాళ్ళకు ఆరు పాళ్ళ డీజిల్ చేర్చి, చివర్లో ఒక గ్లాసు పెట్రోలు పోసి కలిపితే కారుకు విందు సిద్ధం. ఆ గ్లాసు నేను మజ్జిగ తాగే గ్లాసు. అది కనబడలేదని పనిమనిషిని అనుమానించినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

వండేది ఆయనైనా బండి నడిపేది నేనే. ఆయనకు కారును కింద పడుకుని చూడటం ఇష్టం, లోపల కూర్చుని చూడటం అంత ఇష్టం లేదు. వేప్పనపల్లి దగ్గర మా నాన్న నాకు రాసిచ్చిన మూడెకరాల మామిడి తోట ఉంది. ఆ ఊరికి బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తుంది. మధ్యలో పని పడితే ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. అలా ఇరవై ఏళ్ళు బతిమాలి, నలభై ఆరో ఏట ఈ కారులోనే డ్రైవింగ్ నేర్చుకున్నాను. మొదటిసారి ఒక్కదాన్నే తోటకు వెళ్ళి, చెట్టు కింద కారాపి, ఎవరూ గడియారం చూసి తొందరపెట్టకుండా మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఈ కారు పోతే నేను మళ్ళీ బస్టాండులో నిలబడాల్సిందే. కొత్తది కొనాలంటే తోటలో సగం అమ్మాలి. తోట అమ్మేశాక తోటకు వెళ్ళడానికి కారెందుకు? అందుకే ఆ నూనెను ఎంత తిట్టినా ఆ స్టీరింగు మాత్రం వదల్లేదు.

నా తిట్లు ఊరికే వచ్చినవి కావు. కారు స్టార్టు చేస్తే మా వీధి చివర వరకూ అందరికీ తెలిసేది. ఎదురింటావిడ ఆరేసిన బట్టలు పరుగున లోపలికి తీసుకుని వెళ్ళేది. ఒకసారి శూలగిరి దాటాక ఇద్దరు కుర్రాళ్ళు బైకు పక్కకు తెచ్చి, "అమ్మా, బండి కాలిపోతా ఉండాది, ఎగిరి దూకండి!" అని అరిచారు. "లేదప్పా, దీని ఊపిరే అంత," అని చెప్పి ముందుకు పోయాను.

అలాంటి కారుకు ఇరవై ఏళ్ళు నిండవచ్చాయి. మళ్ళీ ఐదేళ్ళు రోడ్డెక్కాలంటే కృష్ణగిరిలో పరీక్షకు పెట్టాలి. బ్రేకులు, లైట్లు, వాటితోపాటు పొగ. కారు కాగితాలు మా తోట ఊరి అడ్రసు మీద ఉన్నాయి కనుక హోసూరు వదిలి అక్కడికే పోవాలి. దానికి ముందు మా వీధి మలుపులో పొగ కొలిచే వ్యానతని దగ్గర చూపించాం. గొట్టంలో కడ్డీ పెట్టి రెండు నిమిషాలు చూసి, మిషన్ ఆపి, అతను మా ఆయన వైపు జాలిగా చూశాడు.

"సార్, దీంట్లో ఏమి పోస్తా ఉండారు? తారా?"

ఆ వారమంతా ఆయన షెడ్డు వదల్లేదు. పాళ్ళు మార్చారు, మళ్ళీ మార్చారు, జీన్సు ప్యాంటు కాలులో ఇంకోసారి వడగట్టారు. నేను వాకిట్లో నిలబడి నా వంతు సహాయంగా మాటలు విసిరాను.

"మామూలు డీజిల్ కొట్టించి తీసుకోని పోతే పోయేదానికి ఏం రోగం?"

"అది మోసం గదా? మన నూనెతోనే పాసవ్వాల. నీకు తెలీదు, గమ్మునుండు."

"సరే, పాసయిందంటే మీ నూనె గురించి ఇంక జన్మలో నోరెత్తను. దేవుడి ముందర చెప్తా ఉండాను."

"ఫెయిలయిందంటే నేనే నెట్టుకోని పోయి పాతినుము అంగట్లో వదిలేసి వస్తా. సరేనా?"

పరీక్ష ముందురోజు సాయంత్రం ఆయన తెల్ల చేతిరుమాలు పొగ గొట్టానికి అడ్డం పెట్టి నన్ను ఇంజను రేజ్ చేయమన్నారు. రుమాలు చూసుకున్నారు. మడిచి జేబులో పెట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నారు. నేను దిగి వచ్చి, "పారేయొద్దండి, కాటుక చేసుకుందాం," అన్నాను. ఎప్పుడూ వెంటనే ఏదో ఒకటి తిరిగి అనే మనిషి ఆ రోజు లేచి వెళ్ళి షెడ్డులో లైటు ఆర్పేశారు. నేను గెలిచానని సంతోషంగా లోపలికి వెళ్ళి చపాతీలు చేశాను.

ఇక్కడ నా నూనె గురించి కూడా చెప్పాలి. ఏటా ఎండాకాలంలో కృష్ణగిరి శివార్లలోని గానుగ నుంచి ఒక డబ్బా నువ్వుల నూనె తెస్తాను. ఆ నూనె ఊరగాయకు తప్ప ఇంక దేనికీ ముట్టను. తెచ్చిన రోజే మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి స్టోరు రూములో ఉంచుతాను. బొట్టు పెట్టిన డబ్బా జోలికి మా ఇంట్లో ఎవరూ పోరు. మా అమ్మ ఇంట్లోనూ అంతే. ఆ వారం కాయలు కోయించి తెచ్చి, ముక్కలు కొట్టించి, ఉప్పులో వేసి పెట్టాను. నూనె పోయడమే మిగిలింది.

పరీక్ష రోజు పొద్దున నేను లేచేసరికే చేతి పంపు కీచుమంటోంది. ఆయన కారులోకి నూనె ఎక్కిస్తున్నారు. "నిదానంగా కాఫీ తాగి రా, తొందరేం లేదు," అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళ సంసారంలో నన్ను నిదానంగా రమ్మన్నది అదే మొదటిసారి. గెలుపు గర్వంలో ఉన్నాను కనుక పట్టించుకోలేదు.

హైవే మీద లారీల మధ్య ఏమీ తెలియలేదు. కృష్ణగిరిలో క్యూలో ఆగి, ఇంజను అలాగే ఆడుతుంటే తెలిసింది. వెనక నల్లగా ఏమీ లేదు. కానీ వాసన ఉంది. వేడి నువ్వుల నూనె వాసన, మా అమ్మ వంటింటి వాసన. మా వెనక గూడ్సు ఆటో అతను తల బయటపెట్టి, "ఏమ్మా, బండి లోపల మురుకులు గిన చేస్తా ఉండారా?" అన్నాడు.

మా ఆయన అటూ ఇటూ చూశారు. "నాకేమీ రాలేదే వాసన," అన్నారు. అందరం మాస్కులు కట్టుకున్న ఆ పెద్ద జ్వరాల ఏడాది పోయిన ముక్కు ఆయనకు మళ్ళీ తిరిగి రాలేదు. ఆవకాయకు, ఆముదానికి తేడా తెలియని ముక్కు.

నాకు ఒళ్ళు మండింది. పొద్దున చీకట్లో డబ్బా మారిపోయింది, ఇంకేముంది! ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో ఒక్క నట్టు తేడా వస్తే కనిపెట్టిన మనిషికి నా ఊరగాయ నూనెకు, ఆ తారుకు తేడా తెలియలేదు. ఉప్పులో ఊరుతున్న ముక్కలు కళ్ళ ముందు కదిలాయి. అక్కడే నిలదీసేదాన్ని. కానీ అప్పటికే బ్రేక్ ఇన్‌స్పెక్టరు మా బండి దగ్గరికి వచ్చేశాడు. మిషన్ పెట్టాడు, అంకెలు చూశాడు, వంగి గొట్టం చూశాడు, మళ్ళీ అంకెలు చూశాడు.

"ఇంత పాత బండి, ఇంత సుద్ధంగా ఉండాదే! ఏం డీజిల్ కొడతా ఉండారప్పా?"

ఈ ప్రశ్న కోసమే మా ఆయన పుట్టారు. పంచె దగ్గర మొదలుపెట్టి పాళ్ళ దాకా చెప్పకుండా వదలరు. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటూ, "బంకులోదే సార్," అన్నారు. అంతే.

కారు పాసైంది. మరో ఐదేళ్ళు.

తిరుగుదారిలో నేను లోపల మాటలు పదును పెట్టుకుంటున్నాను. నోరెత్తనని దేవుడి ముందు చెప్పింది ఆయన నూనె గురించి. నా నూనె గురించి కాదు కదా! ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, చుట్టాలందరికీ ఎలా చెప్పాలి, అన్నీ అనుకున్నాను. ఊరి బయట గానుగ కనబడగానే ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈడ ఒక నిమిషం ఆపు. నువ్వు దిగొద్దు."

ఆపాను. లోపలికి వెళ్ళి పది నిమిషాలకు భుజం మీద డబ్బా పెట్టుకుని వచ్చారు. వెనక సీటులో కాళ్ళ దగ్గర కదలకుండా జాగ్రత్తగా ఆనించారు. అద్దంలో చూశాను. మూత మీద పసుపు, దాని మధ్యలో వంకరగా కుంకుమ బొట్టు. గానుగలో దేవుడి పటం దగ్గర అడిగి తెచ్చుకున్నట్టున్నారు, కుడిచేతి బొటనవేలు ఇంకా ఎర్రగానే ఉంది.

డబ్బా మారలేదు. బొట్టు పెట్టిన మూత చూసి, తెలిసే తీశారు. తన నూనె గెలవదని ఆ రుమాలు మడిచినప్పుడే తెలుసు ఆయనకు. బంకు డీజిల్ కొట్టిద్దామని నా ముందు అనడానికి నోరు రాలేదు, నన్ను మళ్ళీ బస్టాండులో నిలబెట్టడానికి మనసు రాలేదు. నేనేమో కాటుక జోకు వేసి చపాతీలు చేసుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పడానికీ లేదు, అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి.

"ఇంట్లో నూనె డబ్బా ఎలుక పడేసింది," అన్నారు ఆయన రోడ్డు వైపే చూస్తూ. "పొద్దున చూసినాను. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

మూత బిగించిన పదిహేను కిలోల డబ్బా అది. గేరు మార్చి, కారు హైవే ఎక్కించాను.

"పెద్ద ఎలుకే అయ్యుంటాది," అన్నాను.

"ఊఁ. పెద్దదే."

ఆ తర్వాత ఆయన షెడ్డు ఖాళీ చేశారు. ఈ కాలం వేస్ట్ ఆయిల్‌లో నాణ్యత లేదట, అందుకని మానేశారట. కారు ఇప్పుడు బంకు డీజిలే తాగుతోంది. నేను ఇచ్చిన మాట ప్రకారం ఆ నూనె గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆయనకు కథలు చదివే అలవాటు లేదు. ఐదేళ్ళకు మళ్ళీ ఆ క్యూలో నిలబడాలి. ఆ ఏడు గానుగలో మాత్రం ముందే రెండు డబ్బాలు చెప్పాలి. ఒకటి ఊరగాయకు, ఒకటి ఎలుకకు.