వల ఆరేసిన చెరువు

మరిడమ్మకి యాభై ఆరేళ్ళు. ఉండి ఊరి చుట్టుపక్కల ఏ చేపల చెరువు గట్టు మీద అడిగినా ఆమె ఎవరో చెబుతారు. వలేసి చెరువులో చేపంతా పట్టేసే పట్టుబడి అయ్యాక బురదలో మిగిలిన చేపని చేత్తో తడిమి ఏరుకోవడం ఆమె పని. మట్టగిడస ఎంత లోతున దాక్కున్నా ఆమె వేళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ వేళ్ళకున్న తెలివి నీకూ ఉంటే బాగుండునని మొగుడు బతికున్నన్నాళ్ళూ వెక్కిరించేవాడు.

ఈ ఏరుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. వలవాళ్ళు చేపని లారీకెక్కించి పంపేసి, వల కాలవలో జాడించి గట్టున ఆరేశారంటే పట్టుబడి అయిపోయినట్టే. ఆ తరవాత ఏది ఎవరి చేతికి దొరికితే అది వాళ్ళది. చెరువులున్న రాజులు కాదనరు, ఏరుకునే ఆడవాళ్ళు అడగరు. ముప్పై ఏళ్ళుగా అలాగే జరుగుతోంది.

మొన్న మార్చిలో పక్కూరికి కీళ్ళ మందుల కోసం వెళ్ళి నడిచొస్తూ, ఆదినారాయణరాజుగారి చెరువు గట్టున వల ఆరేసి ఉండడం చూసింది. నీళ్ళు మోకాలి లోతుకి దించేశారు. చుట్టూ మనిషన్నవాడు లేడు. చీర ఎగదోపి దిగింది. చెయ్యి పెడితే చాలు, చేప. మట్టగిడసలే కాదు, అరచేయంత శీలావతులు కూడా. ఏరుకునే చెరువులో అంత చేప ఉండదని ఆమెకి తెలియక కాదు. వలవాళ్ళు ఒళ్ళు దాచుకున్నారనుకుంది. పెద్ద చేపని మాత్రం తీసి చిన్నదాన్ని మళ్ళీ పెంచే సగం పట్టుబడి ఒకటి కొత్తగా మొదలైందని ఆమెకి చెప్పే తీరిక ఎవరికుంది?

సంచి సగం నిండేసరికి గట్టు మీది స్తంభం మాట్లాడింది.

"ఎవరది, చెరువులో? అక్కడే ఉండండి."

రాజుగారబ్బాయి వంశీ గొంతు. స్తంభానికి బిగించిన కెమెరాలోంచి భీమవరంలో కూర్చుని చూస్తున్నాడు. మరిడమ్మ స్తంభానికి దణ్ణం పెట్టి, వల ఆరేసి ఉంటే దిగానండి అని చెప్పుకుంది. స్తంభం మళ్ళీ పలకలేదు. ఉండమన్నారు కాబట్టి నీళ్ళలో అలాగే ఉండిపోయింది.

అరగంటలో వంశీ బైకు మీద వచ్చాడు. సంచితో సహా ఆమెని ఫొటో తీసి, చెరువులవాళ్ళ గ్రూపులో పెడతానన్నాడు. పెడితే రేపట్నుంచి ఏ గట్టూ ఎక్కనివ్వరు. మరిడమ్మకి వేరే పని చేతకాదు, ఈ వయసులో నేర్పేవాళ్ళూ లేరు. అదంతా ఆమెకి తెలుసు. తెలిసినా భయం వెయ్యలేదు, ఏడుపూ రాలేదు. లోపల ఏమీ కదల్లేదు. బురద చేతులు రెండూ ముందుకి పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తూ నిలబడింది.

ఈలోగా వంశీ ఫోను చేస్తే అతని తండ్రి పెద్దరాజుగారు కూడా కారులో దిగారు. ఆ చెరువు వరిచేనుగా ఉన్న రోజుల్లో మరిడమ్మ అక్కడ నాట్లు ఊడ్చింది. ఆయన గుర్తుపట్టారు. జరిగింది ఆమె నోటే చెప్పించుకుని, వల వైపు ఓసారి చూసి, కొడుకునైనా మీరనే అలవాటుతో అతని వైపు తిరిగారు.

"ఆ ఫొటో తీసేయండి. ఈవిడ దొంగ కాదు."

వంశీ మొహం చిన్నబుచ్చుకుని తీసేశాడు. సంచిలో చేపలన్నీ తిరిగి నీళ్ళలో వదిలించారు. ఇంటికని కారులో ఐసుపెట్టెలో పెట్టించుకున్న రెండు పెద్ద బొచ్చె చేపల్ని రాజుగారు తన చేత్తో ఆ ఖాళీ సంచిలో వేశారు.

"ఇకమీదట వల ఆరేశారని దిగకు మరిడమ్మా. కావాలంటే ఇంటికొచ్చి అడుగు. నేనిస్తాను."

ఆయన మంచివాడే. మరిడమ్మ సంచి మూతి ముడేసి, సరేనండి అంది. మూడు కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చేదాకా బుర్రలో ఒక్క ఆలోచన కూడా లేదు.

కోడలు సత్యవాణి సంచి విప్పి సంబరపడిపోయింది.

"ఎక్కడ ఏరావత్తా, ఇంతింత బొచ్చెలు?"

మరిడమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"ఏరలేదే. ఇచ్చారు."

దొంగలా నీళ్ళలో నిలబెట్టినప్పుడు వెయ్యని సిగ్గు అప్పుడేసింది.