సంతోష్‌నగర్ నుంచి కిషన్‌బాగ్‌కు కరెంటు కారులో

పెట్రోలు కారు అమ్మేసి కరెంటు కారు కొనుక్కుని, అందులో పాతబస్తీని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలనుకునే సాహసులు ఎవరైనా ఉంటే, వారికి పనికొస్తుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. సంతోష్‌నగర్ నుంచి కిషన్‌బాగ్ పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. సిటీ బస్సులో గంట పడుతుంది, ఆటోలో ఇంకా తక్కువ. మాకు ఒక మధ్యాహ్నమూ ఒక సాయంత్రమూ పట్టాయి.

రెండువేల ఏడు ప్రాంతం మాట. బెజవాడ నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాకు చాలా ఏళ్లుగా ఒక తెల్ల పెట్రోలు కారు ఉండేది. పొగ కక్కేది, దగ్గేది, కానీ పొమ్మన్న చోటికి పోయేది. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా నేను ఆఫీసులో ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఆ ఉపన్యాసాలు ముదిరి చివరికి ఆచరణలోకి దిగాయి. బంజారాహిల్స్‌లో ఒక డాక్టరు గారు రెండేళ్లు వాడిన కరెంటు కారు అమ్ముతున్నారని తెలిసి వెళ్లి కొన్నాను. రెండే తలుపులు. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక సీటు కూడా ఉందని చెప్పుకోవచ్చు. ఒకసారి చార్జింగు నిండితే ఎనభై కిలోమీటర్లు పోతుందన్నారు డాక్టరు గారు. తాళాలు ఇచ్చాక నా చెయ్యి చాలాసేపు వదల్లేదు. అభిమానం అనుకున్నాను.

కారు ఇంటికి తెచ్చి వరండాలోని ప్లగ్గుకు వైరు తగిలించగానే మా ఇంటి ఓనరు యాదగిరి గారు మెట్లు దిగి వచ్చారు. కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

"సారూ, గిది కారా, ఫ్రిజ్జా?"

"కారేనండీ. చార్జింగు పెడితే నడుస్తుంది."

"మరి కరెంటు పోతే?"

"ఎంతసేపు పోతుంది లెండి, మళ్లీ వస్తుందిగా."

ఆయన నన్ను జాలిగా చూశారు. "సర్కారు మీద మస్తు నమ్మకముంది సారూ మీకు," అని పైకి వెళ్లిపోయారు. నేను పనిచేసేదీ ఆ సర్కారులోనే.

ఇక ప్రయాణానికి కారణం నా భార్య శారద. పెళ్లికి ముందు ఆమె బెజవాడలో కచేరీలు చేసేది. పెళ్లయ్యాక ఇరవై ఏళ్లకు పైగా వంటింట్లో పాడింది, ముందుగదిలో పిల్లలకు పాఠాలు చెబుతూ పాడింది. ఆ ఆషాఢంలో కిషన్‌బాగ్‌లోని ఒక గుడి కమిటీవాళ్లు ఆదివారం సాయంత్రం అయిదున్నరకు వచ్చి పాడమని పిలిచారు. నెల ముందు నుంచే ఆమె పెరుగు మానేసింది, తెల్లవారుజామున లేచి సాధన మొదలుపెట్టింది. ఆదివారం ఆటో మాట్లాడుకుందామంది. కారున్న ఇంట్లో ఆటో ఏమిటన్నాను.

శనివారమంతా ఆఫీసువాళ్లను ఒక్కొక్కరినే ఎక్కించుకుని ఊరు తిప్పి కారు గొప్పతనం చూపించాను. రాత్రి వైరు పెడితే అర్ధగంటకు కరెంటు పోయింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మూడున్నరకు బయల్దేరేసరికి చార్జింగు చూపించే ముల్లు సగం దగ్గర ఉంది. ఎనభైలో సగం నలభై. పోనూ రానూ పాతిక వేసుకున్నా పదిహేను మిగులుతుంది. ఈ లెక్క శారదకు రెండుసార్లు చెప్పాను. ఆమె వినిపించుకోలేదు. తంబురా బుర్రను వెనక సీట్లో కూర్చోబెట్టి, దాని మెడను మా ఇద్దరి మధ్యగా ముందు అద్దం దాకా సర్దుతోంది. దారి పొడవునా నేను ఎడమవైపు చూడాలంటే తంబురా అనుమతి తీసుకోవలసి వచ్చింది.

ఈదిబజారు దగ్గర మొదటి ఆటంకం. జనం మధ్య కారు ఆగింది. ఇంజను చప్పుడు లేదు కాబట్టి చెడిపోయిందని నిర్ణయమైపోయింది. నలుగురు పరోపకారులు వెనక చేరి, "ధక్కా మారో భాయ్" అంటూ తొయ్యడం మొదలుపెట్టారు. వద్దని తల బయటపెట్టి అరిచాను. మొహమాటపడుతున్నాననుకుని ఇంకా గట్టిగా తోశారు. కూడలి దాకా తోసి, చేతులు దులుపుకుని దీవించి వెళ్లారు. అక్కడి ట్రాఫిక్ కానిస్టేబులు దగ్గరకొచ్చాడు.

"ఇంజన్ చాలూ చెయ్యి అన్నా, ఎనక ట్రాఫిక్ జామైతుంది."

"చాలూలోనే ఉందండీ."

అతను చెవి బానెటు దగ్గర పెట్టి విన్నాడు. "ఏంది, లొల్లే లేదు?" అని, నమ్మకం కుదరక, నేను కదిలేదాకా చెయ్యెత్తి నిలబడ్డాడు.

ఛత్రినాక చేరేసరికి నాలుగు దాటింది. బోనాల ఆదివారం. తలల మీద బోనాలెత్తుకుని ఆడవాళ్లు వరసగా పోతున్నారు, ముందు డప్పులు మోగుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా కర్రలు కట్టిన వలంటీరు ఒకాయన, "ఇటు బంద్, ఫలక్‌నుమా మీదికెల్లి పోండి," అన్నాడు. ఫలక్‌నుమా దారంటే ఎత్తు. ఆ మాట నా లెక్కలో లేదు. వాన కూడా నా లెక్కలో లేదు, సరిగ్గా అప్పుడే అందుకుంది. వైపర్లు వేశాను, ముల్లు దిగింది. లైట్లు వేశాను, మళ్లీ దిగింది. ఎత్తు ఎక్కుతుంటే చూస్తుండగానే దిగింది. శారద చీర కొంగుతో అద్దం మీది ఆవిరి తుడుస్తోంది.

"లైట్లు తీసెయ్యనా?" అన్నాను.

"మీ ఇష్టం. నన్ను అయిదున్నరకు అక్కడ దింపండి, చాలు."

ఎలాగో ఎత్తు దాటాం. జహనుమా దగ్గరకొచ్చేసరికి కారు నడక వేగానికి దిగింది. కూరగాయల బుట్ట కట్టుకున్న సైకిలాయన ఒకరు మమ్మల్ని దాటుతూ మర్యాదగా గంట కొట్టారు. ఇంకో రెండు నిమిషాలకు, పెళ్లిళ్లకు లైట్లు అద్దెకిచ్చే ఒక దుకాణం ముందు కారు నిలిచిపోయింది. అయిదు కావస్తోంది.

దుకాణం యజమాని ఖదీర్ భాయ్. యాభై దాటిన మనిషి, తల మీద తెల్ల టోపీ. గొడుగు తెచ్చి ముందు శారదను, తరవాత తంబురాను లోపలికి చేర్చారు. నన్ను మూడోవాడిగా పిలిచారు.

"ఒక్క ప్లగ్గు ఇప్పించండి, గంటలో సర్దుకుంటుంది," అన్నాను.

"ప్లగ్గు ఉన్నది సాబ్, కరెంటే లేదు. వాన పడితే ఉంటదా?" అని ఆయన మూలనున్న జనరేటరు వైపు చూశారు. "పెళ్లి బరాత్ లైట్లకు వాడేది. పెట్రోల్ పోస్తే నడుస్తది. మీరు తెచ్చుకోవాలె."

శారద మా మాటలు వింటూ నిలబడి ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూసిన సాయంత్రం, లైట్ల దుకాణంలో ప్లాస్టిక్ పూల మధ్య గడిచిపోయేలా ఉందని ఆమె మొహంలో తెలుస్తోంది. కోపం చూపించలేదు. వాచీ చూసుకుని ఖదీర్ భాయ్‌తో అంది.

"అన్నా, ఒక ఆటో పిలిపిస్తారా? కిషన్‌బాగ్ గుడికి వెళ్లాలి. అయిదున్నరకు నా కచేరీ."

ఆయన వానలోకి వెళ్లి ఆటోను స్వయంగా ఆపి తెచ్చారు. "అమ్మ పాడనీకి పోతున్నది, గుంతలు చూసి నడుపు," అని డ్రైవరుకు చెప్పారు. తంబురాకు దుకాణంలోని టార్పాలిన్ ముక్క చుట్టారు. నేనూ ఎక్కబోయాను.

"కారునిక్కడ వదిలేసి వస్తారా? మీరు బండి సంగతి చూసుకోండి," అంది శారద. అందులో వ్యంగ్యం ఉందో లేదో తేల్చుకునేలోపల ఆటో మలుపు తిరిగింది.

తరవాతి అరగంట నా జీవితంలో మరుపురానిది. చేతిలో ప్లాస్టిక్ డబ్బాతో, వానలో, పెట్రోలు బంకు వరసలో నిలబడ్డాను. ముందూ వెనకా అందరికీ బండ్లున్నాయి.

"బండి ఏడున్నది అన్నా?" అన్నాడు బంకాయన.

"చార్జింగులో పెట్టాలి."

"అయితే పెట్రోలెందుకు?"

"చార్జింగుకు."

అతను ఇంకేం అడగకుండా పోశాడు.

జనరేటరు వీధంతా దద్దరిల్లేలా మొదలైంది. పొగ దుకాణంలోకి వచ్చింది. వాయు కాలుష్యం మీద నేనిచ్చిన ఉపన్యాసాలు విన్నవాళ్లెవరూ ఆ వీధిలో లేకపోవడం నా అదృష్టం. స్టూలు వేసుకుని కారు పక్కన కూర్చుని ముల్లు చూస్తుండగా ఆరుంపావు అయింది. ఖదీర్ భాయ్ ఇంట్లోంచి చాయ్ వచ్చింది. ఆయన నా పక్కన నిలబడి కాసేపు ముల్లు వైపు, కాసేపు నా వైపు చూశారు.

"సాబ్, గాడీకి ఏం ఫికర్ చేస్తున్నరు? దీన్ని ఎత్కపోవాలంటే దొంగకు కూడా పెట్రోల్ కావాలె. ఆడ అమ్మ పాడుతున్నది. మీరీడ కూసున్నరు."

స్టూలు మీంచి లేచాను. ఆయన గోడ పక్కనున్న స్కూటరు తీశారు. ఎనిమిది నిమిషాల్లో కిషన్‌బాగ్ చేరాం. పెట్రోలు స్కూటరు.

ఖదీర్ భాయ్ నన్ను దింపి దుకాణానికి వెళ్లిపోయారు. గుడి మంటపంలో వంద మంది దాకా ఉన్నారు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లేసరికి శారద కల్యాణి రాగంలో కీర్తన పాడుతోంది. ఇంట్లో రోజూ వినే గొంతే, అయినా నాకు కొత్తగా వినిపించింది. కళ్లు మూసుకుని, తొందర లేకుండా, ఒక్కొక్క స్వరం మీద నిలిచి పాడుతోంది. ముందు వరసలోని ముసలాయన ఒకరు తొడ మీద తాళం వేస్తూ కళ్లు తుడుచుకున్నారు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆమె కళ్లు తెరిచింది, నన్ను చూసింది. మరుక్షణం ఒక స్వరాల మలుపు దగ్గర సంగతి జారింది. వెంటనే సర్దుకుని చివరిదాకా పాడింది. శాలువా కప్పారు. కమిటీ పెద్ద మైకు తీసుకుని, నవరాత్రులలో మళ్లీ రావాలని అందరి ముందే అడిగారు.

ఆటోలో దుకాణానికి తిరిగి వచ్చేసరికి ఏడున్నర. వాన వెలిసింది, కరెంటు కూడా వచ్చింది, జనరేటరు ఆపేశారు. పోసిన పెట్రోలుకు నా పాత కారు మూడుసార్లు కిషన్‌బాగ్ చూసి వచ్చేది. ఖదీర్ భాయ్ జనరేటరు బాడుగ తీసుకోలేదు. గుడి ప్రసాదం మాత్రం తీసుకుని, "అమ్మా, నవరాత్రులకు నాకు ఖబర్ చెయ్యండి, నేనూ వస్త," అన్నారు.

ముప్పావు వంతుకు వచ్చిన ముల్లుతో ఇంటికి బయల్దేరాం. తంబురా మా మధ్య యథాస్థానంలో ఉంది. ఒళ్లో శాలువా, కొబ్బరి చిప్ప పెట్టుకుని శారద కూర్చుంది. నేనే మొదలుపెట్టాను.

"మొదటినుంచీ వినలేకపోయాను. ఈ కారు వల్ల నీ సాయంత్రం పాడుచేశాను."

"పాడు కాలేదు," అంది. "మొదటి గంట నాకు బెదురే లేదు. ఇంట్లో అయితే పక్కగదిలోంచి శ్రుతి తగ్గిందంటారు, తాళం జారిందంటారు. అక్కడ ఎవరూ అనలేదు. మీరు కనపడగానే సంగతి పోయింది, చూశారుగా."

ఆ పక్కగదిలో ఉండేది నేనే. స్టీరింగు పట్టుకుని ముందుకు చూశాను. ఫలక్‌నుమా ఎత్తు ఎక్కి, అవతలి పల్లంలోకి దిగాం. కింద సంతోష్‌నగర్ వైపు దీపాలు కనిపించాయి.

"ఏమండీ," అంది శారద. "నవరాత్రులకు వెళ్లేటప్పుడు కూడా ఈ కారే తీయండి."

కారు ఆమెకు నచ్చిందని ఇంటికి చేరేదాకా సంతోషించాను.